చప్పుళ్లు అక్కర్లేదు

“ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, ఇవి కాస్త టైపు చేసిపెట్టు” అని ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టిన నాటినుంచీ ఆమె చెవులు రెండూ ఆయన ఉద్యోగంలోనే ఉన్నాయి. చేతులు మాత్రం ఇంట్లో ఉన్నాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బియ్యం కడుగుతుంది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి విన్నంతవరకూ టైపు చేస్తుంది. మళ్లీ లేచి పొయ్యి తగ్గిస్తుంది.

ఆయన విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం చెప్తారు. కొందరు విద్యార్థులు ఎందుకు బాగా చదువుతారు, బాగా చదివేవాళ్లు ఉన్నట్టుండి ఎందుకు వెనకబడతారు అన్నది ఈ ఏడాది ఆయన పరిశోధన. సాయంత్రాలు ముందుగదిలో కూర్చుని ఒక్కొక్కరికీ స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తారు, వాళ్ల అనుమతితో సంభాషణంతా రికార్డు చేస్తారు. దాన్ని అక్షరాల్లోకి దించడం ఆమె వంతు. ఎవరు మాట్లాడితే వాళ్ల మాటకు ముందు ‘పరిశోధకుడు’ అనో ‘విద్యార్థి’ అనో పెట్టాలి. మొదటిరోజు ఆమె ఒకచోట ‘కుక్కర్ కూత’ అని కూడా రాస్తే ఆయన నవ్వి కొట్టేశారు. మాటలు చాలు, చప్పుళ్లు అక్కర్లేదు అన్నారు. అప్పటినుంచి ఆమె చప్పుళ్లు రాయడం మానేసింది, వినడం మానలేకపోయింది.

మగపిల్లల మాటల వెనక సాధారణంగా ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. ఎవడో స్నేహితుడు నవ్వుతుంటాడు. ఆడపిల్లల వెనక మాత్రం ఇల్లంతా కదులుతూ ఉంటుంది. కొళాయి బకెట్లోకి పడుతుంటుంది, గరిటె మూకుడు అంచుకు తగులుతుంటుంది, ఎవరో పిలుస్తుంటారు. “ఒక్క నిమిషం సార్” అని ఫోన్ పక్కన పెట్టి వెళ్లిన ఒక పిల్ల రొప్పుతూ తిరిగి వచ్చి, “ఏమడిగారు సార్, సమయపాలన గురించి కదా?” అంది. ఆ పిల్లకు ఆయన సమయపాలన బొత్తిగా లేదని తేల్చారు. ఇంకొక అమ్మాయి ఇంట్లో పని ఎక్కువగా ఉంటుందని చెప్పబోతే, అది అందరి ఇళ్లలోనూ ఉండేదేనమ్మా అని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ మాటకి ఆ అమ్మాయి “అంతే సార్” అని నవ్వింది. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. నవ్వు టైపు చెయ్యక్కర్లేదు.

ఒకప్పుడు ఆయనా ఆమె ఒకే తరగతి. ఇంటికి ఎవరైనా వస్తే ఆయనే ముచ్చటగా చెప్తుంటారు, మా ఆవిడ నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకునేదండీ, ఇప్పుడా మార్కులన్నీ కూరలో వేస్తోంది అని. వచ్చినవాళ్లు నవ్వుతారు, కూర బాగుందంటారు. కూతురు పుట్టబోయే ముందు ఆగిన ఎమ్మే మళ్లీ ఎప్పుడైనా పూర్తి చేయవచ్చన్నారు. ఆ ఎప్పుడైనా కోసం ఆమె కొన్నాళ్లు ఎదురుచూసింది. తర్వాత అది అడగడానికే సిగ్గేసే విషయమైపోయింది.

ఆ మార్కులు కూతురికి వచ్చాయి. చిన్నప్పటినుంచీ తరగతిలో మొదటి స్థానం దానిదే. అందుకే ఇంట్లో దాని పేరు ‘ఫస్టు’ అయిపోయింది. నిరుడు అత్తగారు స్నానాల గదిలో జారిపడి మంచం పట్టేదాకా ఆ పేరుకు లోటు రాలేదు. ఇప్పుడు యూనివర్సిటీలో రెండో ఏడు. ఒక సబ్జెక్టు తప్పింది, మిగతావి అత్తెసరు మార్కులతో గట్టెక్కాయి. ఆయన ఫస్టు అని పిలవడం మానేశారు. అత్తగారు మాత్రం మానలేదు.

“ఫస్టూ, కాస్త పక్కకి తిప్పవే.”

“ఫస్టూ, దాహమేస్తోందే.”

మొన్న అన్నం తింటూ ఆయన తన నిర్ణయం చెప్పారు. “దీనికి చదువు మీద శ్రద్ధ పోయింది. ఫోను పాడుచేసింది. వచ్చే వారం యూనివర్సిటీ మాన్పించి దూరవిద్యలో చేర్పిద్దాం. ఇంటిపట్టునే చదువుకుంటుంది, అమ్మకీ మనిషి తోడుంటుంది.”

కూతురు కంచంలోంచి తల ఎత్తలేదు. హాస్టల్లో ఉంటే చదువుకోగలనేమో నాన్నా అని మెల్లగా అంది. ఇంట్లో చదవనిదానివి హాస్టల్లో ఏం చదువుతావే అన్నారాయన. అది తల్లి వంక చూసింది. ఆమె మజ్జిగ గిన్నె కోసం లేచింది. నిజానికి ఆమెకూ అనుమానంగానే ఉంది. ఎప్పుడు చూసినా పిల్ల పుస్తకం ముందే కూర్చుని ఉంటుంది, ఒక్క ముక్కా ఎక్కదు. శ్రద్ధ లేకపోతేనే కదా ఎక్కనిది అనుకుంది.

ఇవాళ మధ్యాహ్నం వింటున్నది ఒక అబ్బాయి రికార్డింగు. తరగతిలో ముందుండే పిల్లవాడట. “ఇంట్లో నీ చదువుకు అడ్డంకులేమైనా ఉంటాయా?” అని ఆయన అడిగారు. పిల్లవాడు ఆలోచనలో పడ్డాడు. ఆ నిశ్శబ్దంలో వెనక గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు. ఆమెకు ఆశ్చర్యమేసింది. మగపిల్లవాడి వెనక వంటిల్లు వినిపించడం ఇదే మొదలు. అంతలో అలమార తలుపు కీచుమంది. లాగి, కాస్త ఎత్తి మూస్తే తప్ప పడని తలుపు అది. దాన్ని అలా ఎత్తి మూసేది లోకంలో ఆమె ఒక్కతే. ఆ వంటిల్లు తనది. ఆ రోజు ముందుగది తలుపు వేసుకోవడం మరిచినట్టున్నారు, ఆయన మాట్లాడుతుంటే ఆయన ఫోన్ ఇంటినంతా వింటూ కూర్చుంది.

“అమ్మా, రేపు పరీక్షే. ఇవాళ ఒక్కరోజు నానమ్మ దగ్గర నువ్వుంటావా?”

దూరంగా ఉన్నా స్పష్టంగానే ఉంది కూతురి గొంతు. దాని వెంటే ఇంకో గొంతు వచ్చింది. విసుగ్గా, పనిలోంచి తల తిప్పకుండా, అలవాటుగా.

“పుస్తకం పట్టుకుని కూర్చోవడమేగా చేస్తున్నావు. ఖాళీగానే ఉన్నావుగా, వెళ్లిరా.”

కుర్చీ వెనక్కి జరిగింది. పుస్తకం మూసిన చప్పుడు. చెప్పుల్లేని అడుగులు అత్తగారి గది వైపు వెళ్లిపోయాయి. అప్పుడు పిల్లవాడు తేల్చి చెప్పాడు. “అడ్డంకులేం లేవు సార్. నేను చదువుకుంటుంటే మా ఇంట్లో ఎవరూ పిలవరు.”

ఆమె ఇయర్‌ఫోన్లు తీసేసింది. ఆ సాయంత్రం ఆమెకు గుర్తులేదు. అలాంటి సాయంత్రాలు ఎన్నని గుర్తుంటాయి. మళ్లీ పెట్టుకుని, వెనక్కి జరిపి, ఇంకోసారి వింది. తనకు తెలియని మనిషెవరో తన గొంతుతో మాట్లాడుతున్నట్టు ఉంది. తెలియని మనిషి కాదు. ఆ మాట ఈ ఇంట్లో ఆమె మీద ఎన్నిసార్లు పడిందో. పడ్డ ప్రతిసారీ లోపలికి మింగింది. మింగింది ఎక్కడికీ పోలేదు, అదే స్వరంలో, అదే ఈసడింపుతో పిల్ల మీదికి వెళ్లింది. చదువుకునే పిల్ల ఖాళీగా ఉన్నట్టు కనిపించింది తనకి. ఒకనాడు తరగతిలో మొదట నిలిచిన తనకి.

టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ‘విద్యార్థి’ అని కొట్టి కూతురి మాటలు పెట్టింది. కింది వరసలో తన మాట. వేళ్లు అలవాటుకొద్దీ పరుగెత్తాయి. చూసుకునేసరికి తన మాటకు ముందు ‘పరిశోధకుడు’ అని పడి ఉంది. దిద్దుదామని కర్సరు వెనక్కి జరిపింది. ఆ వరస ఇంకోసారి చదివి, దిద్దకుండా వదిలేసింది.

సాయంత్రం కూతురు వచ్చేసరికి ఆయన ముందుగదిలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. అది ఇంకా భుజం మీది సంచీ దించలేదు, లోపలినుంచి “ఫస్టూ” అని పిలుపు వచ్చింది. సంచీ కుర్చీకి తగిలించి అటు నడవబోయిన పిల్ల చెయ్యి ఆమె పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. ఎప్పుడు ఇంత సన్నబడిందో చూసుకోలేదు.

“కూర్చో. పుస్తకం తియ్యి.”

“నానమ్మ పిలుస్తోందమ్మా.”

“విన్నాను.”

కూతురు కూర్చుంది. కూర్చున్నా పుస్తకం తియ్యలేదు, ఇంకో పిలుపు కోసం చెవి అటే వేసి ఉంచింది. ఒక్క ముక్కా ఎందుకు ఎక్కడం లేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఈ పిల్ల ఏడాదిగా చదవడం లేదు. పిలుపు కోసం కాచుకుని కూర్చుంటోంది.

ముందుగదిలోకి వెళ్లింది. బల్ల మీద ఫోను, దాని తెర మీద రికార్డు అవుతున్నట్టు ఎర్రటి చుక్క. అవతల ఏదో ఆడపిల్ల గొంతు, ఆ గొంతు వెనక కొళాయి. ఆయన చెయ్యి ఊపి తర్వాత రమ్మన్నారు. ఆమె ఆగలేదు. దూరంగా నిలబడితే సరిగా పడదని ఆమెకు తెలుసు. బల్ల దగ్గరికి వచ్చి, ఫోను మీదికి కాస్త వంగింది.

“ఏమండీ, అత్తయ్యగారు పిలుస్తున్నారు, మీరు వెళ్లండి. అమ్మాయి చదువు మానదు, వచ్చే వారం హాస్టల్లో చేరుతోంది. నేను ఖాళీగా లేను.”

అవతల కొళాయి ఆగిపోయింది.

ఆయన నోరు తెరిచారు, ఎర్రచుక్కను చూసి మూసుకున్నారు. ఆమె మాత్రం తొందరపడలేదు. రేపు దీన్ని టైపు చేయవలసింది తనే.