దీవెనమ్మ తప్పు కాదట

గ్రేసీ గ్రహణం మొర్రితో పుట్టింది. పై పెదవి చీలి ఉంది, అంగిలి కూడా కలవలేదు. స్టీల్ ప్లాంటులో డ్యూటీ దిగి ఆసుపత్రికొచ్చిన శుభాకర్ బిడ్డను ముట్టుకోలేదు. "ఏ పాపం సేసినావే, ప్రభువు మనకిలాటి పిల్లనిచ్చాడు?" అన్నాడు భార్య దీవెనమ్మతో. గ్రహణం పూట కోడలు చేపలు కోసిందని అతని తల్లి అప్పటికే వార్డంతా చెప్పేసింది. కొయ్యమన్నది తనేనని మాత్రం చెప్పలేదు.

ఆపరేషన్లతో పెదవి అతుక్కుంది. చీలిక పక్కన రావలసిన పన్ను ఎప్పటికీ రాలేదు. గ్రేసీ నడక నేర్చాక దీవెనమ్మకు మళ్ళీ నెల తప్పింది. "ఇదీ అలాగే పుడితే ఉక్కునగరంలో తలెత్తుకోలేను" అని శుభాకరే గాజువాక తీసుకెళ్ళి కడుపు తీయించేశాడు.

గ్రేసీ పెద్దదై, కడుపులో ముఖం, పళ్ళు ఎలా తయారవుతాయో పరిశోధించే ల్యాబులో చేరింది. ఈ ఏడు సెలవుకొచ్చినప్పుడు తల్లికి ఫోనులో ఎలుక పిండం ఫొటో చూపించింది.

"కణాల్లో మైక్రో ఆర్ఎన్ఏలని చిన్న ముక్కలుంటాయమ్మా. ఏ జన్యువు పని ఎప్పుడు తగ్గాలో అవే అదుపు చేస్తాయి. ఈ ఎలకల్లో అలాంటి ముక్కలు కొన్నింటిని తీసేస్తే అంగిలి కలవలేదు. నాకూ ఇదే జరిగిందని కచ్చితంగా చెప్పలేను. కానీ గ్రహణం వల్లా కాదు, నీ పాపం వల్లా కాదు."

దీవెనమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది. "ఈ పిల్లల తల్లి ఎలకని ఎవరైనా తిట్టారేటి?"

కుర్చీలో ఉన్న శుభాకర్ పేపరు దించాడు. "అయితే మీయమ్మ తప్పేటీ లేదన్నమాట. మంచిదే. దీవెనా, టీ ఎట్టు."

ఆమె లేవలేదు. "మరి రెండోది?"

"ఏ రెండోది?"

అతనికి నిజంగానే గుర్తులేదు. దీవెనమ్మ కూతురి వైపు తిరిగింది. "నీ తరవాత ఇంకోటుండాలమ్మా. మీ డాడీ వద్దన్నారు. నీలా పుడతాదేమోనని."

గ్రేసీ ఫోను సంచిలో పడేసి, ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. గుమ్మంలో తండ్రి పిలిచినా వెనక్కి చూడలేదు.

ఆదివారం చర్చిలో శుభాకర్ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "మా అమ్మాయి సైంటిస్టు. మొర్రి ఎవరి తప్పూ కాదని రుజువు చేసింది. ఇన్నాళ్ళ భారం ప్రభువు నా మీంచి తీసేశాడు," అన్నాడు.

అందరూ ఆమెన్ అన్నారు. దీవెనమ్మ నోరు విప్పలేదు.