సుంకమ్మ దిక్కుకు నడిచిన చర్చి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, రేపు తెల్లారేసరికి మా ఊర్లో మోకాలిలోతు వాన పడనీ. అనంతపురం నేలమీద ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు.

గార్లదిన్నె పక్క పల్లెలో ప్రతి ఆదివారం సుంకమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి పోతుంది. లోపలికి మాత్రం పోదు. వంద గజాల అవతల నల్లబండ మీద చాప పరుచుకుని పాట ఎత్తుకుంటుంది. ఆ గొంతుకు గుత్తి కోటలో పావురాలు లేచిపోతాయి.

ఆమెను వెలి వేసింది సంఘపెద్ద సోమప్ప. మూడేండ్ల కిందట బాప్తిస్మాలకని ట్యాంకరు తెప్పించి చర్చి తొట్టి నింపితే, అందరూ సంగటికి పోయిన సందులో సుంకమ్మ ఆ నీళ్ళు బిందెలతో మోసుకుపోయి, ఎండుతున్న తన చీనీ చెట్లకు, అదే బత్తాయి చెట్లకు, పోసింది. తొట్టిలో చీమ కాలు కడుక్కునే తడి కూడా మిగల్లేదు. తర్వాత తానే మోసి తొట్టి మళ్ళీ నింపింది. దేవుని ముందర వారం రోజులు ఏడ్చింది. సోమప్పకు అది చాలలేదు. పన్నెండు ఆదివారాలు గడపలో మోకరించి, వచ్చిన ప్రతివాళ్ళ కాళ్ళూ మొక్కితేనే ప్రభువు బల్లలో విరిచి పంచే రొట్టె అన్నాడు.

"మొక్కను," అన్నది సుంకమ్మ.

మూడేండ్లు ఆమె నోట ఆ రొట్టె పడలేదు. ఎండిన చెట్టుకైనా అంత దాహం ఉండదు.

ఈ ఎండాకాలం చర్చి నడవడం మొదలుపెట్టింది. ఆదివారానికి ముప్పై గజాలు, నల్లబండ దిక్కుకే. పాస్టరు మైకు వైరుకు ముక్క అతికించుకున్నాడు. ఆడవాళ్ళు చాపలు జరుపుకున్నారు. సోమప్ప మాత్రం కుర్చీ పాతచోటే వేసుకున్నాడు. "గోడ తిరుగుబోతైతే నేనూ తిరగల్నా?" అని. గోడ ఆయన్ను ఎండలో వదిలేసి పోయింది.

ప్రభువు బల్ల రొట్టె పంచే ఆదివారం చర్చి నల్లబండను కడుపులోకి తీసుకుని ఆగింది. సుంకమ్మ రొట్టె పళ్ళెం ఎదుటే ఉంది.

"పాస్టరయ్యా, ఇయ్యొద్దు!" దూరం నుంచి సోమప్ప అరిచినాడు. "ఆమెకు యోగ్యత యాడుండాది?"

"లేదు సోమన్నా!" సుంకమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. "యోగ్యతకిచ్చేది కూలి. నేను కూలికి రాలేదు, కృపకొచ్చినా. అదేమన్నా నీ చేన్లో కాసిందా, నువ్వు అడ్డం పడేకి?"

పాస్టరు నవ్వు దాచుకుని రొట్టె విరిచి చేతిలో పెట్టినాడు. సుంకమ్మ నోట్లో వేసుకోలేదు. చాప చుట్టుకుని ఎండలో వంద గజాలు నడిచి, సోమప్ప కుర్చీ పక్కన పరిచింది. రొట్టె రెండు చేసింది.

"నీ చేతిదా? నాకొద్దు."

"నాకూ నువ్వంటే సరిపడదులేప్పా. తిను."

"నేనేం తప్పు చేసినానని?"

"అది తిన్నాక మాట్లాడుదాం."

సోమప్ప కుర్చీ దిగి చాపమీద కూర్చున్నాడు. తిన్నాడు. "సుంకమ్మా, మూడేండ్లు నిన్ను..." అని ఆగిపోయినాడు. వారాలు పట్టిన దారిని చర్చి ఒక్క ఊపిరిలో, పిల్లను వెతుక్కునే మేక మాదిరి, వెనక్కి పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ నీడలో పెట్టుకుంది.

మరుసటి రోజు చర్చి తలుపు గడియ సోమప్పే ఊడబీకినాడు.

సరే, వింటా కూర్చోకుండా ఒక పని చెయ్ నాయనా. తాగేటోళ్ళ మందంగడి ముందర మా ఊరి తిప్పేష్ ట్రాక్టరు దారికడ్డంగా పెట్టినాడంట. బిరీన తీయమని చెప్పి రాపో. చర్చి పొద్దుటినుంచి ఆ దిక్కుకే చూస్తాండాది.