ఐదు మగ్గాల టీము

మా తమ్ముడు సంజీవప్పను హిందూపురం ఫుట్‌బాల్ టీములోంచి తీసేసిన నాటి నుంచి నాకు చెన్నకేశవులు పేరు వింటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది. తీసేస్తే తీసేశాడు, మనిషిని పక్కకు పిలిచి ఒక మాట చెప్పొచ్చు కదా. అట్లా చెప్పే మనిషైతే ఆయన చెన్నకేశవులు ఎందుకవుతాడు?

ఆయనకు హిందూపురంలో వేరుశనగ నూనె మిల్లు ఉండేది. టీము కూడా ఆయనదే. ప్రతి దసరాకు ఊరి జనం చూస్తుండగా, మిల్లు ముందర ఆటగాళ్ళను పేరు పెట్టి పిలిచి కొత్త బనియన్లు ఇచ్చేవాడు. యాభై ఏడో సంవత్సరం దసరాకు మావాడు తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని పోయి వరసలో నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా వాడే కెప్టెన్, వాడే సెంటర్ ఫార్వర్డు. మొదటి పేరు వాడిదే రావాలి. రాలేదు. బెంగుళూరు నుంచి, కోలారు గనుల నుంచి జీతాలిచ్చి తెచ్చుకున్న కొత్తవాళ్ళ పేర్లు వచ్చాయి. మావాడి తొమ్మిదో నంబరు బనియన్ ఆరోక్యం అనే పొడుగాటి మనిషి చేతికి పోయింది. అంతా అయిపోయాక చెన్నకేశవులు మావాడి వైపు తిరిగి, "నువ్వు యాడికీ పోవద్దులే సంజీవా. ఆట మధ్యలో నిమ్మకాయలు కోసిచ్చేదానికి ఒక మనిషి కావల్ల," అన్నాడట. జనం నవ్వారట. మావాడు గోల్ కొట్టినప్పుడల్లా భుజాల మీద మోసిన జనమే.

ధర్మవరం స్టేషన్ ఎదురుగా నేనూ మా ఆయన నారాయణా కాఫీ హోటలు నడిపేవాళ్ళం. మర్నాడు పొద్దున ప్యాసింజరు దిగి వాడు నేరుగా హోటలుకు వచ్చాడు.

"ఏమిరా, పండగ పూట ఇట్ల వచ్చినావు?" అన్నాను.

"హిందూపురం బజార్లో నడిచేదానికి నాకు మొగం లేదక్కా," అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. "మాఘంలో పెనుకొండ టోర్నమెంటు ఉండాది. ఇంకో టీము కట్టి, ఆ హిందూపురమోళ్ళ కళ్ళ ముందరే వాళ్ళని ఓడిస్తే నేను తలెత్తుకొని ఆ బజార్లో నడుస్తా. లేదంటే మన ఊరు రొద్దం పోయి నాయన జతకు చేన్లో పడతా. మళ్ళా బంతి మొగం చూడను."

వాడు అన్నంత పనీ చేసే రకం. మా పుట్టింటి వాళ్ళందరిదీ అదే మొండితనం. నాది మాత్రం తక్కువా?

ధర్మవరంలో అప్పుడు టీమంటూ లేదు. ఉన్నవల్లా మగ్గాలే. మగ్గాల మీద కుర్రవాళ్ళు సాయంత్రం పని దిగాక, రైలు గేటు అవతల బయల్లో సరదాకి బంతి తన్నుకునేవాళ్ళు. సంజీవప్ప నాలుగు సాయంత్రాలు పోయి చూసి, ఈ మగ్గంలోంచి ఒకణ్ణి, ఆ మగ్గంలోంచి ఒకణ్ణి, బాగా పరుగెత్తేవాళ్ళను ఏరుకున్నాడు. వాళ్ళలో మేటి నరసింహులు. ఆ పిల్లవాడు బంతి తీసుకుని పోతుంటే చూడాలి, కుక్క వెంటబడిన కుందేలే. మోకాలి నొప్పి ఉన్నా ముందు వరసలో వాడి పక్కనే మావాడు కూడా నిలబడ్డాడు.

సరే, మేటి టీము తయారైంది కదా అని రైల్వే వాళ్ళతో ఒక ఆట పెట్టుకున్నాం. నేను కాఫీ క్యాను పట్టుకుని పోయి గట్టు మీద కూర్చున్నాను. ఏం చెప్పేది! పరువు పోయింది. బొగ్గు మసి కూడా కడుక్కోకుండా వచ్చిన రైల్వే వాళ్ళు మావాళ్ళను ఒక ఆట ఆడుకున్నారు. మావాళ్ళలో ఒక్కొక్కడూ బ్రహ్మాండంగా ఆడాడు, టీము మాత్రం ఆడలేదు. నరసింహులు బంతిని తీసుకుపోయి తీసుకుపోయి, చివరికి మనిషి లేని చోటికి తన్నేవాడు. ఒకసారి కాదు, ఆటంతా అదే వరస.

ఆట అయ్యాక సంజీవప్ప వాడి మీద విరుచుకుపడ్డాడు. "ఎవరికి తంతాండావురా బంతి? నీ కండ్లు యాడుండాయి?"

నరసింహులు తల వంచుకుని, "ఓబన్నకు, అన్నా," అన్నాడు.

"ఓబన్న మన టీముల యాడుండాడురా?"

"లేడన్నా. మగ్గం మీద అలవాటు. నా కుడి పక్కన వాడు ఉంటాడనుకొని తన్నేస్తాండా."

అప్పుడు తెలిసింది సంగతి. ధర్మవరం చీరల్లో ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు ఉండే చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒకడు ఒంటి నాడె విసురుతాడు. పక్కవాడు అంచు నాడెను అందుకుని తిప్పి పంపుతాడు. పట్టు నూలు చుట్టిన ఆ కొయ్య ముక్క పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తుతుంటే, ఒకడి మొహం ఒకడు చూసుకోడు. చూస్తే పని సాగదు. చిన్నప్పటి నుంచి అట్లా కలిసి నేసిన జతలను మా సంజీవప్ప మధ్యకు చీల్చి, మంచివాణ్ణి తీసుకుని రెండోవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టాడు. చెన్నకేశవులు ఏ పని చేసి మా ఉసురు పోసుకున్నాడో, వీడూ అదే చేశాడు. ఏరుకొచ్చిన ఊరొకటే తేడా.

నాకు తిక్క రేగింది. "ఒరే సంజీవా, నీకు బుద్ధి ఉండాదా? నాయన ఇంట్లో సేద్యం చూసి పెరిగినోడివి కదా. జత ఎద్దును ఇంట్లో కట్టేసి ఒంటెద్దును కాడికి కడతారేమిరా ఎవరన్నా? జతలు జతలుగా తెచ్చుకో," అన్నాను.

"ఓబన్ననా?" వాడు నోరు తెరిచాడు. "వాడు నడిస్తే దుమ్ము కూడా లేయదక్కా."

"లేయకపోతే పాయ. తీసుకో."

వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో నాడు తనంతట తనే ఐదు మగ్గాల వాళ్ళను పిలుచుకొచ్చాడు. ఐదు జతలు, పదిమంది. అందులో బాగా ఆడేవాళ్ళు సగం, వాళ్ళ జతగాళ్ళు సగం. పదకొండో చోటు ఒక్కటే మిగిలింది, గోల్ కీపరు చోటు.

"నువ్వే నిలబడు," అన్నాను.

"గోల్స్ కొట్టినోన్ని కంబాల మధ్య నిలబెడతావా అక్కా?" వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుండు మీద కారం చల్లినట్లు మాట్లాడానని నాకూ బాధేసింది. కానీ ముందు వరసలో వాడు నిలబడితే ఒక జత విడిపోతుంది. ఆ మోకాలితో ఎంత దూరమని పరుగెత్తుతాడు? వాడికీ తెలుసు. ఆ సాయంత్రమే పోయి కంబాల మధ్య నిలబడ్డాడు.

ఈ సంగతి గాలికి హిందూపురం చేరింది. చెన్నకేశవులు ఏదో పని మీద గుంతకల్లు పోతూ, రైలు మారే సందులో మా హోటలుకే వచ్చి కూర్చున్నాడు.

"ఏమమ్మా కుళ్ళాయమ్మా, మగ్గం గుంతల్లో నుంచి టీమును తవ్వి తీస్తాండారంట కదా," అన్నాడు కాఫీ ఊదుకుంటూ. "ఇనుకో తల్లీ. ఆటగాళ్ళను పెంచుకుంటా కూచుంటే కాదు. యాడ మేలైన సరుకు ఉంటే ఆడ పోయి దుడ్లు పారేసి తెచ్చుకోవల్ల. నా టీముల ఒక్కొక్కడు ఒక్కొక్క ఊరికి మొనగాడు."

"మొనగాళ్ళే, ఎవరు కాదన్నారన్నా," అన్నాను. "ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిందంట. నీ మొనగాళ్ళు ఎటు లాగుతారో పెనుకొండలో చూస్తాం కదా."

ఆయన నవ్వి లేచిపోయాడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి, ఆ పూట మాత్రం, "ఇంకో మాట అనుంటే చెట్నీ గిన్నె వాని నెత్తిన పోసుందును," అన్నాడు. ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

మాఘం వచ్చింది. పెనుకొండ కోట కింద మైదానంలో ఎట్లెట్లో గెలుచుకుంటూ ఫైనలుకు చేరాం. ఎదురుగా హిందూపురం టీమే. రైలు నిండా, బస్సుల నిండా హిందూపురం జనం దిగారు. సంజీవప్పను కంబాల మధ్య చూడగానే, "సంజీవప్పా, నిమ్మకాయలు యాడపా?" అని ఒకడు అరిచాడు. మైదానమంతా గొల్లుమంది.

కొనుక్కొచ్చిన వాళ్ళయినా, ఉన్నమాట చెప్పాలి, ఆ ఆటగాళ్ళు ఘటికులే. ఆరోక్యం తలతో ఒక గోల్ కొట్టాడు, దేవుడు నిలబడినా ఆపలేడు. రెండోది మాత్రం మావాడి తప్పే. ఆ నవ్వులు విని ఉడుకెత్తి, పాత అలవాటు కొద్దీ కంబాలు వదిలి బంతి కోసం ముందుకు ఉరికాడు. వెనక బోసిగా ఉన్న గోల్‌లోకి బంతి దొర్లుకుంటూ పోయింది. జనం ఇంకా నవ్వారు.

సగం ఆట అయ్యాక వాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. "అయిపోయిందక్కా. రేపు రొద్దం పోతా," అన్నాడు. ఆడదాన్ని మైదానంలోకి పోవచ్చా లేదా అని నేను ఎవరినీ అడగలేదు. పోయి వాడి ముందర నిలబడ్డాను, తిడదామనే. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.

మాట్లాడింది ఓబన్న. ఎప్పుడూ నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి. "అన్నా, నువ్వు మా కోసరం ముందరికి రావద్దు. నువ్వు ఆడ ఉండావని తెలిస్తే మేము వెనక్కి చూడము. చూడకుండా ఆడేది మాకు బాగా వచ్చు," అన్నాడు.

సంజీవప్ప తల ఎత్తి వాణ్ణి చూశాడు. లేచి పోయి కంబాల మధ్య నిలబడ్డాడు. మళ్ళీ ముందుకు కదల్లేదు.

ఆ తర్వాత జరిగింది ఆట కాదు, నేతే. బంతి ఇటు నుంచి అటు పోతుంది, అటు నుంచి ఇటు వస్తుంది, తన్నినవాడు ఎటు తన్నాడో చూడడు, అందుకున్నవాడు ఎక్కడి నుంచి వచ్చిందో చూడడు. హిందూపురం వాళ్ళు ఎవరి మొహం చూసి బంతి ఎటు పోతుందో పసిగట్టాలి? వాళ్ళ మొనగాళ్ళకు బంతి దొరికితే ఒక్కొక్కడూ తనే గోల్ కొట్టాలని పక్కవాణ్ణి వదిలేసి ఉరికేవాడు. ఆరోక్యం ఒక్కడే పాపం, చేతులు చాపి బంతి అడిగి అడిగి అలిసిపోయాడు. మావాళ్ళు ఒక గోల్ కొట్టారు. కాసేపటికి ఇంకొకటి. హిందూపురం జనం నవ్వడం మానేశారు.

ఆట ముగియబోతుండగా ఆరోక్యం ఒంటరిగా బంతితో మా గోల్ మీదికి వచ్చాడు. మధ్యలో ఒక్క మనిషి లేడు. మావాడి పాదాలు ముందుకు లాగుతున్నాయని గట్టు మీది నుంచి నాకే తెలుస్తోంది. 'ఉండరా, ఉండరా నాయనా' అని పళ్ళు బిగబట్టాను. ఉన్నాడు. బంతి వచ్చి వాడి రొమ్ముకు తగిలింది. రెండు చేతులా దాన్ని పొదువుకుని, లేచి, నరసింహులుకు విసిరాడు.

నరసింహులు బంతితో దౌడు తీశాడు. హిందూపురం వాళ్ళంతా వాడి వెంటపడ్డారు. ఓబన్న అవతల తన మానాన తను నడుస్తూ పోతున్నాడు. వాణ్ణి ఎవరూ ఖాతరు చేయలేదు, ఎందుకు చేస్తారు, దుమ్ము లేపని మనిషిని? నరసింహులు కుడి వైపు చూడనైనా చూడకుండా తన్నాడు. ఓబన్న అందుకున్నాడు, కాలు అడ్డం పెట్టాడు, అంతే. గోల్!

ఈల పడ్డాక ఏం జరిగిందో వరసగా చెప్పలేను. నేను ఎవరినో కౌగిలించుకుని ఏడ్చాను, చూస్తే మా ఆయనే. ఆరోక్యం వచ్చి మావాడి చేయి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో, "మీ వాళ్ళు అన్నదమ్ములా?" అని అడిగాడు. గట్టు అవతల ఉన్న హిందూపురం జనం, మా తమ్ముణ్ణి చూసి నవ్విన జనమే, మైదానం దాటి వచ్చి, "సంజీవప్పా! సంజీవప్పా!" అని వాణ్ణి పైకెత్తారు. ఓడింది వాళ్ళ ఊరేనని ఎవరికీ గుర్తున్నట్లు లేదు. నా కడుపు చల్లబడింది.

జనం వాణ్ణి దింపాక చెన్నకేశవులు వచ్చాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు, అయినా నవ్వుతున్నాడు.

"ఏమబ్బా సంజీవా, అయిందేదో అయింది. వచ్చేయి. కెప్టెన్ నువ్వే. వస్తా వస్తా ఆ నరసింహుల్ని గూడా పిలుచుకురా."

"ఓబన్నో?" అన్నాడు మావాడు.

"ఆ మొద్దు మనకెందుకు?"

మావాడు కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. దసరా తర్వాత మొదటిసారి హాయిగా నవ్వాడు. "కుదరదన్నా. మా ఐదు మగ్గాలోళ్ళను విడిగా ఇయ్యరు," అన్నాడు.

అందరం స్టేషనుకు చేరాం. ధర్మవరం బండి ముందు వచ్చింది. పిల్లలు కేకలేసుకుంటూ షీల్డును కిటికీలోంచి లోపలికి అందించుకుంటున్నారు. సంజీవప్ప మాత్రం ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు.

"ఎక్కవేమిరా?" అన్నాను.

"మీరు పోండక్కా. నేను అవతలి బండికి హిందూపురం పోయి రేపొస్తా."

"చెన్నకేశవులు కాడికా?" నా గొంతు లేచింది.

"కాదు."

"మరి ఆడ నీకేం పని ఉండాది?"

"పనేం లేదు," అన్నాడు వాడు. "ఊరికే బజార్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడుస్తా."