ఎడమ భుజం కింద పండిన కాయ

వేసవి వచ్చిందంటే ఆగిరిపల్లిలో భావనారాయణ మాస్టారి ఇంట్లో మనుషులకి చోటుండేది కాదు. పడమటి గది నిండా వరిగడ్డి, గడ్డిలో చిన్నరసం మామిడికాయలు, వాసనకి మూగే ఈగలు, ఆ ఈగల్ని తిట్టే జగదాంబగారు. ఆవిడ మాస్టారి భార్య. పొద్దున్నే గడ్డి తీసి, కాయల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి, మగ్గినవి బుట్టలో వేసి తక్కినవి మళ్ళీ కప్పేది.

వాళ్ళ తోట కాయకి ఇంకో పని కూడా ఉంది. ఒంట్లో బాగాలేనివాళ్ళ తలగడ పక్కన పచ్చికాయ పెడితే, తెల్లారేసరికి జబ్బున్న చోటే పసుపెక్కుతుంది. ముచ్చిక దగ్గరైతే తలనొప్పి, మధ్యలో అయితే కడుపు, చివర అయితే కాళ్ళు. జ్వరమొస్తే నుదురు పట్టుకుని చూస్తాం కదా, ఇదీ అంతే. ఊళ్ళో ఆరోగ్యం అనే కాంపౌండరు కూడా మందు కలిపే ముందు "కాయ ఎక్కడ పండిందండీ?" అనే అడిగేవాడు.

పంతొమ్మిదివందల అరవై రెండులో, కాపు చివరికొచ్చిన రోజుల్లో, జగదాంబగారి ఎడమ చంకలో గడ్డ లేచింది. మాస్టారు బెజవాడ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇది రాచపుండేనమ్మా. కానీ చంకలో పుట్టింది కాదు. ఇంకెక్కడో పుట్టి ఇక్కడికి చేరింది. ఆ చోటు తెలిస్తే కోసి తీసేయొచ్చు, బతకడానికి ఆశ ఉంటుంది. తెలియకపోతే ఊరికే గడ్డకి కరెంటు పెట్టి మాడ్చి చూడ్డమే. రొమ్ములో ఏమైనా తేడా కనిపించిందా?"

"అబ్బే, ఏం లేదండి," అంది ఆవిడ, పమిట నిండా కప్పుకుని. చెయ్యి వేసి చూడనివ్వనూ లేదు.

డాక్టరుది ఆ దగ్గరి చాట్రాయే, కాయ సంగతి తెలిసినవాడే. "పోనీ, మీ తోట కాయ పెట్టుకున్నారా? ఏమంది?"

"ఎక్కడా పండలేదండి. పచ్చిగానే ఉంటోంది."

మాస్టారు తెల్లబోయారు. వాళ్ళ కాయ ఎన్నడూ అలా చేసి ఎరగదు. డాక్టరు చీటీ మీద 'పుట్టిన చోటు తెలియదు' అని రాసి, సోమవారం రమ్మన్నాడు.

ఆవిడ చెప్పింది అబద్ధం. కాయ రోజూ పండుతూనే ఉంది, కాయ ఎడమ భుజం కింద, మనిషికైతే రొమ్ముండే చోట, బొటనవేలి గోరంత మేర. అందరికన్నా ముందు లేచి పెరట్లోకి పోయి, పండినంత మేరా కొరికి తినేసి, మిగతాది గేదె కుడితిలో పడేసేది. పాపిష్టి ముక్క ఎంత తియ్యగా ఉండేదో. ఆ తీపికి ఆవిడకి ఇంకా సిగ్గేసేది.

ఎందుకు దాచిందంటారా? ఒంటి సిగ్గు ఒకటి. దాన్నైనా ఎలాగో దిగమింగేదేమో గానీ, కోడలు రాజేశ్వరి సంగతి ఉంది చూశారూ, అది మింగుడుపడేది కాదు. బాలింతగా ఉన్నప్పుడు రాజేశ్వరికి పాలు గడ్డకట్టి రొమ్ము వాచింది. కాయ అక్కడే పండింది. పాపం చిన్నపిల్ల, ఏం చెయ్యాలో తెలియక, వీధి ఆడవాళ్ళంతా కూర్చుని ఉండగా కాయ పట్టుకొచ్చి చూపించింది. జగదాంబగారు దాన్ని లాక్కుని, పసుపున్న వైపు గోడకి తిప్పి పెట్టింది.

"ఆడదాని ఒంటి సంగతి నలుగురిలో పెడతావా? సిగ్గూ శరం లేదూ?" అంది.

పిల్ల నోరు మూసుకుంది. చీము పట్టి, గడ్డ దానంతటదే పగిలింది. ఆ తర్వాత ఒంట్లో బాగాలేదన్న మాట రాజేశ్వరి నోట రాలేదు. కోడలు బుద్ధిమంతురాలైందని జగదాంబగారు నలుగురికీ చెప్పుకుంది కూడా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తన కాయ చూపిస్తుంది?

ఆదివారం అత్తగారికి తోడుగా రాజేశ్వరి అదే గదిలో చాప వేసుకుంది. సోమవారం తెల్లవారుతూనే జగదాంబగారు కాయని కొంగులో దాచుకుని పెరట్లోకి వెళ్ళింది. కుడితి తొట్టి దగ్గర అప్పటికే రాజేశ్వరి ఉంది. అటు తిరిగి నిలబడి కాయ కొరుకుతోంది.

అలికిడికి ఉలిక్కిపడింది. చేతిలో కాయ జారి కింద పడింది. భుజం కింద ఇంకా కాస్త పసుపు మిగిలే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది జగదాంబగారు.

"బాబు పుట్టినప్పటి నుంచీనండి. పైన మానింది గానీ లోపల గట్టిగా ఉండిపోయింది. ఏటా కాయ పెట్టుకుని చూసుకుంటాను. మీకు చెబితే..."

"తిడతానని."

జగదాంబగారికి తల కొట్టేసినట్టయింది. తన చావు తనది, పోనీ. ఈ పిల్లకి కూడా ఇలా దాచుకుని చావడం నేర్పింది తనే. కొంగులోంచి కాయ తీసి కోడలి చేతిలో పెట్టింది. రాజేశ్వరి తిప్పి చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"నన్ను తిట్టవే," అంది అత్తగారు.

"బస్సు టైమవుతోంది, పదండి అత్తయ్యగారూ," అంది కోడలు.

డాక్టరు బల్ల మీద జగదాంబగారు రెండు కాయలూ పెట్టింది, పసుపున్న వైపు పైకి. "ఇది నాది. ఈ కొరికింది మా కోడలిది. మొన్న మీకు అబద్ధం చెప్పానండి." మాస్టారు గోడ మీది కాలెండరు చూస్తూ ఉండిపోయారు. డాక్టరు చీటీ మీద పాత మాట కొట్టేసి 'ఎడమ రొమ్ము' అని రాశాడు. ఆ వారమే ఆపరేషను చేశారు. రాజేశ్వరిది రాచపుండు కాదు, పాత చీము. కోసి శుభ్రం చేసి పంపేశారు.

మరుసటి వేసవికి జగదాంబగారు ఉంది. ఎడమవైపు వదులైన రవికెతో, మళ్ళీ ఈగల్ని తిడుతూ. కోడలి మొహంలోకి మాత్రం సూటిగా చూడలేకపోయేది. ఓ పొద్దున వీధి ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు. రాజేశ్వరి లోపలినుంచి కాయ పట్టుకొచ్చి అందరి ముందూ నిలబడింది.

"అత్తయ్యగారూ, నడుం నొప్పిగా ఉందండి. కాస్త చూడండి."

జగదాంబగారు రెండు చేతులూ చాచింది. "ఏదీ, ఇలా తే," అంది. పసుపు ఎక్కడుందో చూద్దామంటే, నీళ్ళు అడ్డమొచ్చి చాలాసేపటివరకూ కాయే కనపడలేదు ఆవిడకి.