కొత్త మిషనుకు బొట్టు

సింగపూరు ఆర్చర్డ్ రోడ్డు దుకాణాల్లోకి వరద నీళ్లు వచ్చిన ఏడాది, ఒక శుక్రవారం పొద్దున, యర్రయ్య మోచేతుల దాకా మినప్పిండిలో ఉన్నాడు. రాతి గ్రైండరు తిరుగుతూనే ఉంది. అంచులకు అంటిన పిండిని లోపలికి తోసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, కాసిని నీళ్లు చిలకరించాడు. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి వంగి వంగి నడుము ముందుకే ఉండిపోయింది. నీళ్లలో నాని అరచేతుల గీతలు కూడా తెల్లబడ్డాయి. ఇంటి ముందు కోళ్లన్నీ కొట్టుకుపోయిన వెనకటి వరద ఏడాదిలో, ఇప్పటి యజమాని వీరాస్వామి తండ్రి దగ్గర పనికి చేరాడు. ఆ పెద్దాయన పోయాడు, పిండి కొట్టు ఊరి చివర క్రాంజీకి మారింది. యర్రయ్య మాత్రం ఆ గ్రైండరు ముందు నుంచి కదలలేదు.

ఐటీ ఉద్యోగాల వాళ్లు దిగాక ఇడ్లీపిండికి గిరాకీ పెరిగింది. ఆ మూల పుంగ్గోల్ నుంచి కూడా ఫోన్లే. చిన్న వ్యాపారాలు పెరిగి నలుగురికి పని దొరకాలని సర్కారు డబ్బు ఇస్తోందన్న కబురు వీరాస్వామి కూతురు హేమమాలిని పట్టుకొచ్చింది. అంతే, ఆ రోజు నుంచి కొట్టులో స్థిమితం లేదు. ఒకడు వచ్చి నేల కొలుస్తాడు. ఇంకొకడు టోపీ పెట్టుకోమంటాడు. మూడోవాడు వచ్చి ఆ టోపీ కాదు, ఈ టోపీ అంటాడు. యర్రయ్యకు ఉన్నవే నాలుగు వెంట్రుకలు.

పాకెట్లు కట్టే మిషను వచ్చింది. కొత్తవాళ్లు ముగ్గురు చేరారు. సర్కారుకు పంపే కాగితంలో వాళ్ల పేర్లే ఉన్నాయి.

"మరి నేనెక్కడే?" అని అడిగాడు హేమమాలినిని.

"పాతవాళ్లు లెక్కలోకి రారు అంకుల్. న్యూ జాబ్స్ ఓన్లీ."

"లెక్కలో లేనివాడు రుబ్బిన పిండి మాత్రం లెక్కలోకి వస్తుందేం?"

"అయ్యో, యూ ఆర్ ఎవ్రీవేర్ లా," అని నవ్వేసి వెళ్లిపోయింది.

అన్నిచోట్లా ఉన్నవాడికి ఒక చోటంటూ ఉంటుందో లేదో అతనికి తేలలేదు. వారం రోజులుగా అదే చిరాకు.

ఆ శుక్రవారమే సర్కారు ఆఫీసరమ్మ మిషను చూడ్డానికి వస్తోంది. చూసి సరేనంటే డబ్బు వస్తుంది. కాదంటే మిషను అప్పు వీరాస్వామి నెత్తి మీదే. అతను తెల్లారినప్పటి నుంచి టై సర్దుకుంటూ, ఊడదీసుకుంటూ తిరుగుతున్నాడు.

శుక్రవారం గ్రైండర్లకు పసుపు రాసి బొట్టు పెట్టడం పెద్దాయన నాటి ఆనవాయితీ. యర్రయ్య తడి కుంకుమ గిన్నె పట్టుకుని వరసగా పెట్టుకొచ్చాడు. కొత్త మిషను ముందు ఆగాడు. ఎక్కడ చూసినా ఉక్కు రేకే. నుదురు ఏదో తెలియదు. వెతగ్గా వెతగ్గా ముందు వైపు వేలిగోరంత అద్దం బిళ్ల కనబడింది. హమ్మయ్య అనుకుని దాని మీద గుండ్రంగా, నిండుగా పెట్టాడు.

ఆ అద్దమే మిషను కన్ను. కవరు మీది నల్లగీతను అది చూస్తేనే కత్తి దిగుతుంది.

ఆఫీసరమ్మ వచ్చింది. నలభై దాటని చైనా మనిషి, తెల్ల బూట్లు. హేమమాలిని మీట నొక్కింది. కవరు జరజరా జారింది. కత్తి దిగలేదు. పిండి పడుతూనే ఉంది. బల్ల నిండి, అంచు దాటి, తెల్ల బూట్ల మీదకు జారింది.

"అలామాక్! ఆపండి, ఆపండి!" అని వీరాస్వామి గంతులేశాడు. హేమమాలిని మీట ఆపి, వంగి చూసి, కుంకుమ అంటిన వేలు పైకెత్తి చూపించింది.

"హూ డిడ్ దిస్?" అంది ఆఫీసరమ్మ.

వీరాస్వామి చెమట తుడుచుకున్నాడు. "అంకుల్ మేడమ్. అంకుల్ రిటైరింగ్. టుడే లాస్ట్ డే. సో... ప్రేయర్."

ఆ మాట యర్రయ్యకు తెలిసింది ఆఫీసరమ్మతో పాటే. ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. చప్పట్లు కొట్టింది. కొత్తవాళ్లు ముగ్గురూ కొట్టారు. ఆమె యర్రయ్య పిండి చేతినే పట్టుకుని ఊపి, "నౌ కెన్ రెస్ట్ ఆల్రెడీ, అంకుల్!" అంది.

"ఊఁ," అన్నాడు యర్రయ్య.

అద్దం తుడిచాక మిషను టకటకా పాకెట్లు రాల్చింది. డబ్బు వస్తుందని చెప్పి ఆమె కారెక్కింది.

వీరాస్వామి టై విప్పి జేబులో కుక్కుకున్నాడు. "మామా, ఏదో నోటికొచ్చింది అనేశాను. నువ్వు రేపు మామూలుగా వచ్చెయ్."

"ఆవిడ మళ్లీ రాదా?"

"మూడు నెలలకోసారి వస్తుంది."

"వస్తే నేనెక్కడ దాక్కోను తంబీ? పప్పు బస్తాల వెనకా?"

"ఆ రోజు లీవు పెట్టెయ్ మామా. జీతం కోయనులే."

సాయంత్రం యర్రయ్య అలవాటుకొద్దీ పప్పు నానబోసి, ఇంటికి చోవా చూ కాంగ్ బస్సెక్కాడు.

"అయితే రిటైరయినట్టా, కానట్టా?" అని నిలదీసింది ఇంట్లో భార్య కుమారమ్మ.

"వచ్చి రుబ్బమన్నప్పుడు ఉన్నట్టు. దాక్కోమన్నప్పుడు లేనట్టు. అన్నం పెట్టు."

"ఆ చప్పట్లప్పుడే ఒక మాట అనొచ్చుగా?"

"అంటే వాడి డబ్బు పోయేది. పెట్టవే తల్లీ."

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాడు. ఇంకా ఎవరూ రాలేదు. నానిన పప్పును వదిలేస్తే కంపు కొడుతుంది. కడిగి, రుబ్బి, డ్రమ్ములోకి ఎత్తి, ఉప్పు వేసి, అడుగు దాకా చెయ్యి పెట్టి కలిపి, మూత వేశాడు. గ్రైండరు రాయి కడిగి ఆరబెట్టాడు. ఇన్నేళ్లూ తన దగ్గరే ఉన్న తాళం చెవిని లోపల బల్ల మీద పెట్టి తలుపు లాగేశాడు. బయట పంపు దగ్గర రబ్బరు బూట్లు కడిగి, మెట్టు మీద బోర్లించి, చెప్పులు తొడుక్కుని బస్టాపు వైపు నడిచాడు.

ఎడమ బూటు మడమ ఒక పక్కకే అరిగిపోయి ఉంది. అది సరిగ్గా నిలబడలేక, మెల్లగా రెండో దాని మీదకు ఒరిగింది.