రివర్స్ గేరు లేని బండి

పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో లారీ ఆగినా, కంప్రెసర్ మొరాయించినా మీరా సాహెబ్‌కే కబురు వెళ్ళేది. ఆయనకు యాభై రెండేళ్ళు. మాచర్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పటంలో ఆ చుట్టుపక్కల ఆయనంతటివాడు లేడు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

"బండ్లు వాటంతటవి చెడిపోవు. యెదవలు చెడగొడతారు" అనేవాడు ఇంట్లో భార్య అక్తర్ బేగంతో. పైకి మాత్రం ఎవర్నీ ఏమీ అనడు. ఎవరేం చెప్పినా "అట్నే బాబూ" అని తలూపి, ఇంటికొచ్చి అన్నం తింటూ వాళ్ళను అనుకరించి చూపించేవాడు. అక్తర్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ అనుకరణల్లో ఎక్కువసార్లు వచ్చే మనిషి సుందరరావు. మూడు బట్టీలు, ఒక క్వారీ తండ్రి నుంచి వచ్చాయి. ఆయన సొంతంగా చేర్చింది పొట్ట ఒక్కటే. క్వారీ యజమాని అయ్యుండి క్వారీలోకి దిగి ఎరగడు. పై అంచున కుర్చీ వేయించుకుని, తెల్ల బూట్లకు దుమ్ము అంటకుండా కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేవాడు.

ఎదురు బట్టీవాళ్ళ అబ్బాయి కొత్తగా వచ్చిన జపాను మోటారు సైకిలు కొన్నాడని సుందరరావు కూడా ఒకటి కొన్నాడు. మొదటిసారి బస్టాండు ముందు పడ్డాడు. రెండోసారి సొంత బట్టీ ముందే, కూలీలందరూ చూస్తుండగా సున్నపు కుప్పలో పడ్డాడు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. అట్లా ఉండగా 1988 వేసవిలో నరసరావుపేట నుంచి వచ్చిన బావమరిది ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చి అందులో బొమ్మ చూపించాడు. మోటారు సైకిలే, కానీ నాలుగు చక్రాలు. లావుపాటి టైర్లు. ఇసుక గుట్ట మీద గాల్లోకి ఎగురుతోంది.

"దీని మీద నుంచి పడమన్నా పడలేం బావా" అన్నాడు బావమరిది.

సుందరరావుకు కావలసింది ఆ ఒక్క మాటే. ఊళ్ళో మాత్రం క్వారీలో తిరిగి పనులు చూసుకోవటానికని చెప్పాడు. మద్రాసులో హార్బరు దగ్గర ఒక గోడౌన్లో అట్లాంటివి రెండున్నాయని తెలిసి, మంచిది ఎంచటానికి మీరా సాహెబ్‌ను అంబాసిడర్ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, బావమరిదితో కలిసి బయలుదేరాడు.

గోడౌన్లో రెండు బండ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఎర్రది, చిన్నది. ఇంకోటి పసుప్పచ్చది, పెద్దది. మీరా సాహెబ్ అట్లాంటి బండిని ముట్టుకోవటం అదే మొదలు. లుంగీ ఎగగట్టి నేల మీద పడుకుని రెండింటి కిందా దూరాడు. గంటసేపు బయటికి రాలేదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉన్నాయని, మలుపులో ఒళ్ళు లోపలికి వంచకపోతే బండి తిరగదని ఆయనకు అక్కడే అర్థమైంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఏది తగునో కూడా అర్థమైంది. ఎర్రదాంట్లో మెల్లగా ఎక్కే గేరుంది, రివర్స్ గేరుంది, ముందూ వెనకా గట్టి ఇనప క్యారియర్లున్నాయి. పసుప్పచ్చది పందేల బండి. ఒక్క సీటు. వెనక్కి పోదు. వేగంగా పోతేనే బతుకుతుంది, మెల్లగా నడిపితే ఇంజను ఆగిపోతుంది.

"ఏది బాగుంది సాయిబూ?" అనడిగాడు సుందరరావు.

"ఎర్రది బాబూ."

బావమరిది పకపకా నవ్వాడు. "ఇదా? దీనికి పాల క్యాన్లు కట్టి ఇంటింటికీ పాలు పొయ్యొచ్చు బావా."

"క్యారియర్లేందయ్యా, అసయ్యంగా" అన్నాడు సుందరరావు. "నలుగురిలో పరువు పోద్ది. పసుప్పచ్చదానికేం రోగం?"

మీరా సాహెబ్ నోటి దాకా వచ్చింది. క్వారీలోకి దిగే ర్యాంపు ఇరుకు, కింద తిప్పుకునే చోటుండదు, లారీలు కూడా వెనక్కే దిగుతాయి, వెనక్కి రాని బండి అక్కడ ఇరుక్కుంటుంది, మెల్లగా ఎక్కని బండి వానలో జారుతుంది, క్యారియరుంటే ఏదన్నా వేసుకు రావచ్చు. ఇవన్నీ చెప్పటానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆయన సుందరరావు తెల్ల బూట్లు చూశాడు. ఈ మనిషి క్వారీలో తిరగటమా! వీడికి చెప్పటం నా నోటికే తక్కువ అనుకున్నాడు.

"దానికేం రోగం లేదు బాబూ. మీకు అదే సరిపోద్ది" అన్నాడు.

మర్నాడు ఇంటికొచ్చి ఆ సంగతంతా అభినయించి చూపిస్తే అక్తర్ బేగం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పడతాడా?" అంది. "పడక చస్తాడా?" అన్నాడు మీరా సాహెబ్.

బండి లారీలో వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, దండ వేసి, సుందరరావు ఎక్కాడు. వంద గజాలు సూటిగా పోయింది. హ్యాండిలు ఎటు తిప్పినా బండి తిరగలేదు, సూటిగా పోయి కంకర గుట్టకు మూతి ఆనించి ఆగింది. రివర్స్ గేరు లేదు. నలుగురు కూలీలొచ్చి వెనక భాగం ఎత్తి తిప్పారు. ఆ నలుగురిలో బ్రహ్మయ్య ఒకడు. ముప్ఫై ఏళ్ళవాడు, రాళ్ళు కొట్టటంలో చెయ్యి తిరిగినవాడు. మీరా సాహెబ్‌ను మామా అని పిలిచేవాడు.

"మామా, అయ్యగారు వెనక్కి తిరగాలంటే నలుగురు గావాల" అన్నాడు షెడ్డు ముందు ఆగి.

ఆ మాట క్వారీ అంతా పాకింది. ఎవరూ మొహం మీద నవ్వలేదు. సుందరరావు బండెక్కితే చాలు, నవ్వు దాచుకోటానికి మొగాళ్ళు తలగుడ్డలు సర్దుకునేవాళ్ళు, ఆడాళ్ళు అటు తిరిగేవాళ్ళు. నెల తిరక్కుండానే బండి ఆఫీసు షెడ్డులోకి చేరింది. చుట్టాలొస్తే గుడ్డ తీసి చూపించటానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

ఆగస్టులో రెండు రోజులు ఆగకుండా వాన పడింది. ర్యాంపు బురదై లారీలు దిగటం మానేశాయి. పని ఆపితే సుందరరావు సుందరరావెందుకవుతాడు? మూడోరోజు వాన తెరిపిచ్చింది కదా అని కూలీలను కిందికి దింపాడు. పదకొండు గంటలకు నానిన అంచు విరిగి ఒక బండ జారింది. బ్రహ్మయ్య కుడికాలు మోకాలి కింద దాని పాలైంది.

మీరా సాహెబ్ అప్పుడు పైన కంప్రెసర్ దగ్గరున్నాడు. కేకలు విని అంచుకు వచ్చి చూశాడు. కింద నలుగురు గడ్డపారలతో బండను ఎత్తుతున్నారు. బ్రహ్మయ్య భార్య రోశమ్మ అదే క్వారీలో రాళ్ళు మోస్తుంది. బురదలో పడుతూ లేస్తూ ర్యాంపు ఎక్కి వచ్చి సుందరరావు కుర్చీ ముందు నిలబడింది.

"అయ్యా, ఆ నాలుగు చక్రాల బండి పంపీండయ్యా. నడవలేడు. నెత్తురు ఆగటంలా."

సుందరరావు లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. చెయ్యి జేబులోకి పోయి తాళం పట్టుకుంది, అక్కడే ఆగిపోయింది.

"ఆ బండి మీద ఒక్కరే కూర్చోగలరమ్మా. ఆ బురదలో పాడైపోద్ది. మంచం మీద మోసుకు రమ్మను. ఈలోపు కారు తెప్పిస్తా."

"తాళం ఇయ్యండి" అన్నాడు మీరా సాహెబ్.

"నువ్వు నడపగలవా? సీటంతా…" సుందరరావు మాట పూర్తి చేయలేదు. నెత్తురు అనబోయాడని అక్కడున్న అందరికీ తెలిసింది.

మీరా సాహెబ్ ఇంకోసారి అడగలేదు. షెడ్డులోకి పోయి హ్యాండిలు కింద వైర్లు లాగి, కలిపి, కిక్కు కొట్టాడు. అరుస్తూ లేచింది బండి. మెషినును నమ్మినంతగా ఆయన మనుషుల్ని ఎప్పుడూ నమ్మలేదు. నలుగురు మంచం మోసేదానికంటే తాను ముందు తేగలనని ఆ క్షణాన నిజంగానే నమ్మాడు.

దిగటం దిగింది. కింద తిప్పటానికి చోటు లేదు. నలుగురు ఎత్తి తిప్పారు. పడుకోబెట్టటానికి క్యారియర్ లేదు. బ్రహ్మయ్యను సీటు మీద తన ముందు కూర్చోబెట్టుకుని తలగుడ్డతో నడుముకు కట్టుకున్నాడు. చితికిన కాలు పక్కన వేలాడుతుంటే, వెనకే దిగొచ్చిన రోశమ్మ రెండు చేతులతో పట్టుకుని పక్కనే నడిచింది. మెల్లగా ఎక్కిద్దామంటే ఇంజను ఆగిపోయింది. గట్టిగా ఇస్తే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. బ్రహ్మయ్య వేసిన కేకకు పైనున్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. మళ్ళీ ప్రయత్నించాడు. మూడోసారి సగం దూరం ఎక్కి, బురదలో అడ్డంగా జారి, ర్యాంపు పక్క రాతిగోడకు కొట్టుకుని ఆగింది.

"ఇంక వద్దు మామా" అన్నాడు బ్రహ్మయ్య. "దించు."

అప్పుడు మంచం తెచ్చారు. ఆరుగురు మోశారు. మంచం మీద పావుగంటలో పైకి చేరాడు. బండితో పోయింది ముప్పావు గంట. గుంటూరు పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. ముందే తెస్తే కాలు నిలిచేదా అని డాక్టర్ని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. సుందరరావు గుమాస్తా చేత ఆపిల్ పళ్ళ బుట్ట పంపించాడు. రోశమ్మ వాటిని వార్డులో పిల్లలకు పంచేసి బుట్ట వెనక్కి పంపింది.

మర్నాడు సుందరరావు మీరా సాహెబ్‌ను పిలిపించాడు. "తాళం లేకుండా నా బండి ఎవర్నడిగి తీశావ్?"

ఎప్పుడూ "అట్నే బాబూ" అనే మనిషి ఆయన కళ్ళలోకి చూశాడు. "మీ బండి ర్యాంపులో ఉంది. పోయి తెచ్చుకోండి" అని వెళ్ళిపోయాడు.

బండిని పైకి లాగమని సుందరరావు కూలీలను పిలిచాడు. ఒక్కరూ కదల్లేదు. తిట్టలేదు, ఎదురు చెప్పలేదు. విననట్టు పని చేసుకుంటూ పోయారు. ప్రమాదం జరిగిన నాలుగో రోజు ఎండ కాసి లారీలు దిగాల్సి వచ్చింది. దారికి అడ్డం బండి. చేసేది లేక సుందరరావు, బావమరిది పంట్లాలు మడుచుకుని దిగారు. సుందరరావు తన క్వారీలోకి దిగటం అదే మొదటిసారి. ఇద్దరూ తోస్తూ, జారుతూ, మోకాళ్ళ మీద పడుతూ మధ్యాహ్నం దాకా పైకి చేర్చారు. తెల్ల బూటు ఒకటి బురదలోనే ఉండిపోయింది. నూరు మందికి పైగా అంచున వరసగా నిలబడి చూశారు. ఈసారి తలగుడ్డలు ఎవరూ సర్దుకోలేదు. నవ్వటానికి కూడా వాళ్ళకు ఆయన చాలలేదు.

సుందరరావు ఆ నెలలోనే బండిని హైదరాబాదు మనిషికి అమ్మేశాడు. క్వారీ దగ్గర కుర్చీ వేయించుకోవటం మానేశాడు.

మీరా సాహెబ్ ఈ సంగతంతా ఇంట్లో చెప్పాడు, కానీ అభినయించలేదు. "తాళం పట్టుకుని నిలబడ్డాడే, మనిషేనా వాడు? కుక్క నయం" అన్నాడు.

అక్తర్ బేగం చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"ఎర్రదానికి క్యారియరుందన్నావుగా ఆ రోజు" అంది.

"ఉంది."

"వెనక్కి కూడా వస్తదన్నావు."

మీరా సాహెబ్ చొక్కా మీది గ్రీజు మరక గోకాడు.

"అది కొనకపోతే ఇట్టయిద్దని ఆయనకు చెప్పావా?"

"చెప్తే వినే రకమా వాడు?"

"వినకపోతే వాడి ఖర్మ. నువ్వు చెప్పావా అని అడుగుతున్నా." చేట కింద పెట్టింది. "చెప్పలా. పడతాడని చూశావు. ఇంటికొచ్చి నవ్వించావు. నేనూ నవ్వా. నాకు సిగ్గుగా ఉందయ్యా."

మీరా సాహెబ్ లేచి షెడ్డుకు పోయాడు. ఆ రోజు ఏ పనీ ముట్టుకోలేదు. జీవితమంతా ఎదుటివాళ్ళను తూచిన మనిషి. తన బరువు ఎంతో చూసుకోవలసి రావటం అదే మొదలు.

రెండు నెలలకు బ్రహ్మయ్య చంకకర్రలతో ఇంటికొచ్చాడు. మీరా సాహెబ్ క్వారీ పాకలకు వెళ్ళి, నులక మంచం ముందు నేల మీద కూర్చుని, మద్రాసులో జరిగింది మొదట్నుంచీ చెప్పాడు. ఎర్ర బండి సంగతి, తాను నోరు మూసుకున్న సంగతి, నవ్వుకున్న సంగతి. ముప్పావు గంట వృథా చేసిన సంగతి కూడా.

బ్రహ్మయ్య వింటూ చంకకర్రకు చుట్టిన గుడ్డ పీచులు లాగుతున్నాడు.

"నువ్వు చెప్తే ఆయన వినేవాడా?" అనడిగాడు.

"వినకపోవచ్చు."

"మరి నాకెందుకు చెప్తున్నావ్?"

మీరా సాహెబ్ నేల మీది పుల్ల ఒకటి తీసి విరిచాడు.

"ఊరంతా నిన్ను తెలివిగలోడంటారు. నేనూ అన్నా." బ్రహ్మయ్య గొంతు పెంచలేదు. "ఆయనకు తెలవదు, సరే. నీకు తెలుసు. తెలిసినోడు నోరు మూసుకుని నవ్వుకుంటే, తెలవనోడి కంటే నువ్వేందిరా పెద్ద?"

ఇరవై ఏళ్ళు చిన్నవాడు తనను ఏరా అన్నాడు. మీరా సాహెబ్ తల దించుకున్నాడు.

పొయ్యి దగ్గర్నుంచి రోశమ్మ వచ్చింది. "ఈ మాటలు కూడు పెట్టవన్నా. ఈయనకు కూర్చుని చేసే పని చూపియ్యి."

"వీడి దగ్గరా?" అన్నాడు బ్రహ్మయ్య.

"ఇంకెవరిస్తారు? ఆపిల్ పళ్ళాయనా?"

బ్రహ్మయ్య గోడవైపు తిరిగాడు. రానని మాత్రం అనలేదు.

సోమవారం పొద్దున చంకకర్రల మీద మాచర్ల రోడ్డు దాకా వచ్చాడు. దారిలో రెండుచోట్ల ఆగాడు, ఎవరి సాయమూ తీసుకోలేదు. మీరా సాహెబ్ ఎత్తుగా ఉన్న చెక్కపెట్టె ఒకటి నీడలోకి జరిపి ఉంచాడు. బ్రహ్మయ్య కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. ముందున్న పీటమీద ఒక లారీ డైనమో విప్పి ఉంది. దాన్ని చూశాడు గాని మీరా సాహెబ్‌ను చూడలేదు.

"ఏం చెయ్యాల్నో చెప్పు" అన్నాడు. "సగం చెప్పి ఊరుకోమాక."

మీరా సాహెబ్ ఎదురుగా నేల మీద కూర్చుని, ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని, అది దేనికో, అది లేకపోతే ఏమవుతుందో చెప్పటం మొదలుపెట్టాడు.