ఏడో వరుసలో సమయం

ఆఫీసులో అందరూ ఆయన్ని రేడియో అంటారు. వినేవాళ్ళు ఉన్నా లేకపోయినా మాట్లాడుతూనే ఉంటాడు గనక. వరద మొదలైన రోజు పొద్దున్నే ఆయన తన కుర్చీని, తనతో కలిసి పనిచేసే ఆమె బల్ల పక్కకు ఈడ్చుకొచ్చి, కంప్యూటర్ తెర మీది పద్నాలుగు వరుసలను వేలితో ఒక్కొక్కటే తడుముతూ చెప్పాడు.

"అమ్మాయ్, ఒక్కటే గుర్తుపెట్టుకో. గొంతు వినకుండా టైము మార్చకూడదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఆఫీసులో నేను పాటించిన రూలు ఇదొక్కటే. మిగతావన్నీ ఎగ్గొట్టాను."

పద్నాలుగు వరుసలంటే పద్నాలుగు ఆశ్రయాలు. స్కూళ్ళు, గోదాములు, ఒక ఆటల హాలు. ఒక్కో వరుసలో ఆ చోటి పేరు, ఇంకా ఎంతమందికి చోటుంది, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, నడవలేనివాళ్ళు లోపలికి వెళ్ళగలరా, చివరి గడిలో ఈ సంగతులు తెలుసుకున్న సమయం. గంటకోసారి ఒక్కో చోటికి ఫోన్ చేసి ఆ మూడు ప్రశ్నలూ అడగాలి, జవాబులు ఎక్కించి సమయం మార్చాలి. గంట దాటినా సమయం మారకపోతే ఆకుపచ్చగా ఉన్న వరుస దానంతటదే బూడిదరంగుకు తిరుగుతుంది. ఏమీ తెలియదని దానర్థం. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఫోన్ తడవకుండా ఎత్తి పట్టుకుని జనం చూసేది ఈ పేజీనే.

చెరో ఏడు వరుసలు పంచుకున్నారు. మొదటి ఏడూ ఆమెవి.

"ఏడు మీరు తీసుకోండి. బదులు ఎనిమిది నాకివ్వండి," అంది ఆమె.

"ఎందుకు? ఏడులో దెయ్యముందా?"

"మా అక్క ఉంది. ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్."

రేడియో కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశాడు. "అయితే దెయ్యమే నయం," అని నవ్వి, ఏడును తన కాగితం మీద రాసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆయన ఒక ప్రశ్న మింగేయడం ఆమె చూడటం అదే మొదటిసారి.

అక్కతో మాటలు లేక ఏడు నెలలు. అప్పట్లో నాన్న ఒక్కడే ఉండేవాడు. ఆ ఇంటికి నాలుగు వీధుల అవతల ఈమె, ఊరికి ఆ చివర అక్క. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వెళుతూ ఒకసారి చూడటం ఈమె వంతు. ఆ రోజు వెళ్ళలేదు. పెద్ద కారణమేమీ లేదు, అలసట. అక్క ఫోన్ చేసి "నాన్న ఎలా ఉన్నాడే?" అంటే "బాగున్నాడు, ఇప్పుడే చూసొచ్చా," అనేసింది. చూడలేదని చెప్పడం కంటే అది తేలిక. పైగా నాన్న ఎప్పుడూ బాగానే ఉండేవాడు. మర్నాడు పొద్దున అక్క ఏదో పని మీద వెళ్ళేసరికి ఆయన స్నానాలగదిలో నేల మీద ఉన్నాడు. తుంటి విరిగి, రాత్రంతా.

ఆస్పత్రి వరండాలో అక్క అరవలేదు. అరిచినా బాగుండేది. "తెలీదని ఒక్క మాట అంటే నేనే వెళ్ళేదాన్ని కదే," అంది. అంతే. ఆ తర్వాత నాన్నను తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. ఇప్పుడు అక్క ఇంటి వీధి మునిగింది కాబట్టి ఆయన కూడా ఆ బడిలోనే ఉంటాడని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం పన్నెండింటికి రేడియో ఏడుకు ఫోన్ చేశాడు. ఎనభై మందికి చోటుంది, నీళ్ళు గేటు దగ్గరే ఉన్నాయి, ర్యాంపు బాగుంది. ఎక్కించి, సమయం మార్చగానే ఆయన సొంత ఫోన్ మోగింది. వాళ్ళ వీధిలోకి నీళ్ళొచ్చాయి. భార్య సామానంతా మేడ మీదికి ఒక్కతే మోస్తోంది.

"వెళ్ళండి," అన్నాడు సూపరింటెండెంటు గుమ్మంలోంచి.

"గంటన్నరలో వచ్చి వాలతా. అమ్మాయ్, ఏడు..."

"నేను చూసుకుంటాలెండి."

ఒంటిగంటకు ఆమె పదమూడు చోట్లకూ వరుసగా ఫోన్ చేసింది. ఒక్కోచోట గొంతు ఒక్కోలా ఉంది. ఒకరు దగ్గుతూ చెప్పారు, ఒకరు ఆమె మీద విసుక్కుంటూ చెప్పారు. ఏడు మిగిలింది. ఆ నంబరు ఆమెకు కాగితం చూడకుండానే వచ్చు. నొక్కుతూ పోయి చివరి అంకె దగ్గర ఆగింది. అక్క "హలో" అంటుంది. తర్వాత తను ఏమనాలి? "అక్కా" అనాలా, "మేడమ్" అనాలా? అంత చిన్న సంగతి దగ్గర బొటనవేలు బిగుసుకుపోయింది. పదమూడు మంది కొత్తవాళ్ళను గడగడా అడిగిన మనిషి, ఒక్క పిలుపు తేల్చుకోలేక ఫోన్ పెట్టేసింది.

"ఏడు బూడిదరంగు తిరుగుతోంది చూడమ్మా," అని సూపరింటెండెంటు కేకేశాడు. "బూడిద కనిపిస్తే చాలు, పైవాళ్ళు నా ప్రాణం తీస్తారు."

"చేస్తున్నా సార్."

అక్క పనిమంతురాలు, ఏదైనా అయితే తనే ఫోన్ చేసి చెబుతుంది, అనుకుంది. ఎనభై చోట్లు గంటలో ఎక్కడికి పోతాయి, అనుకుంది. మూడు జవాబులనూ ఉన్నవి ఉన్నట్టే వదిలి, సమయం మాత్రం ఒంటిగంట చేసింది. వరుస ఆకుపచ్చగా నిలబడింది. మనసు ఎంత హాయిగా కుదుటపడిందో గమనించి ఆమెకే ఒక్క క్షణం భయమేసింది. ఆ హాయి ఆమెకు పాత పరిచయమే.

రెండింటికి అది మరీ కష్టమైంది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఒంటిగంట సంగతి బయటపడుతుంది. మొదటిసారి అక్కకు భయపడింది, రెండోసారి తను చేసినదానికి భయపడింది. ఈసారి అంకెలు కూడా నొక్కలేదు. రెండు గంటలు అని వేసింది.

రెండూ పదికి జనం చేసే బయటి లైను మోగింది. ఒక మగగొంతు, వెనక వానహోరు.

"మేడమ్, మా అమ్మ చక్రాల కుర్చీలో ఉంది. ఏడో నంబరు బడి మాకు పావుగంట దారి. ఎనభై మందికి చోటుందని, ర్యాంపు ఉందని మీ పేజీలో చూశా. వెళ్ళొచ్చా?"

తెలీదండీ, కనుక్కుని చెబుతాను. నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ అది అనాలంటే ఆకుపచ్చ వరుస ఎదురుగా ఉంది.

"రెండింటికి వేసిందేనండి," అంది.

"థాంక్స్ మేడమ్. అమ్మా, ఉందట, పద." ఆ చివరి మాట ఆమెతో కాదు.

ఫోన్ పెట్టేసి ఏడో వరుస వైపు చూసింది. అయినా ఏడుకు ఫోన్ చేయలేదు. మళ్ళీ బయటి లైను మోగింది, ఎత్తింది. ఇంకోటి మోగింది, ఎత్తింది. పని చేస్తూ ఉంటే పని తప్పించుకుంటున్నట్టు అనిపించదు.

రెండూ నలభైకి రేడియో వచ్చాడు. నడుందాకా తడిసి ఉన్నాడు, చెప్పులు చేతిలో ఉన్నాయి. వస్తూనే మొదలుపెట్టాడు.

"ఏడు పన్నెండున్నరకే నిండిపోయిందటగా! దారంతా జనం మూటలు మోసుకుంటూ వెనక్కొస్తున్నారు. పేజీ ఎనభై అంటుంది, అక్కడ కాలు పెట్టే చోటు లేదు అని మన ఆఫీసుకు శాపనార్థాలు. మీరు ఆఫీసువాళ్ళా అని నన్నే అడిగాడొకడు. కాదు, పాలవాణ్ణన్నా." తెర వైపు వంగాడు. ఆయన నవ్వు సగంలో ఆగింది. "రెండు గంటలని ఉందే. నువ్వు అడిగావా?"

ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"అడిగితే ఆవిడేమంది?"

ఆమె బల్ల మీది ఒక గీత వైపే చూస్తూ ఉంది. రేడియో తిట్టలేదు. తడిచేత్తో ఫోన్ తీసి ఆమె ముందుకు జరిపాడు. "చెయ్యి," అన్నాడు.

ఒక్క రింగుకే ఎత్తారు. వెనక చంటిపిల్లల ఏడుపు, బల్లలు ఈడుస్తున్న చప్పుడు.

"ఆశ్రయాల పేజీ నుంచి మాట్లాడుతున్నాను," అంది ఆమె. పిలుపు లేకుండానే గడిచిపోయింది. "ఇంకా ఎంతమందికి చోటుంది?"

అవతల కాసేపు పిల్లల ఏడుపు మాత్రమే వినిపించింది. తన గొంతు అక్క గుర్తుపట్టిందని ఆమెకు అర్థమైంది.

"లేదు," అంది అక్క. "పన్నెండున్నర నుంచి లేదు. నాలుగుసార్లు మీకు చేశాను, ఎంగేజ్. మీ పేజీ చూసి వచ్చినవాళ్ళే నూట పాతిక మంది. మెట్ల మీద కూర్చోబెట్టాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళను పంపించేస్తున్నాను."

"నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?"

"వరండాలోకి."

"నడవలేనివాళ్ళు లోపలికి..."

"ర్యాంపు మునిగిపోయింది."

వెనకనుంచి ఒక ముసలిగొంతు, "ఎవరే?" అంది. ఆ గొంతు ఆమె విని ఏడు నెలలయింది.

"ఆఫీసువాళ్ళు నాన్నా," అంది అక్క.

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ వచ్చిందా? కొడుకుతో?"

"వచ్చింది. ఇద్దరం పట్టుకున్నా కుర్చీ ఎక్కలేదు. లోపల దింపడానికి చోటూ లేదు. తొమ్మిదో నంబరుకు వెళతామన్నాడు. వెళ్ళి పది నిమిషాలయింది." అక్క ఎవరితోనో ఏదో మాట్లాడి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు గొంతులో హెడ్‌మిస్ట్రెస్ లేదు. "తొమ్మిది దారిలో కాలవ పొంగిందంటున్నారే."

ఆమె ఏడో వరుసను నింపింది. చోటు లేదు. నీళ్ళు వరండాలో. ర్యాంపు లేదు. రెండూ నలభై అయిదు. బయటి లైనుకు వచ్చిన నంబర్లలోంచి ఆ కొడుకు నంబరు వెతికి చేసింది. మోగి మోగి ఆగింది. సహాయానికి తిరుగుతున్న పడవలవాళ్ళకు చెప్పింది. వాళ్ళు ఏ వీధి అని అడిగారు. ఆమెకు తెలియదు.

అప్పుడు రేడియో తన ఫోన్ తెచ్చి చూపించాడు. పేజీని ఎవరో ఫోటో తీసి పంపితే అది చేతులు మారుతూ ఆయన భార్య దాకా వచ్చింది. ఏడు, ఎనభై, రెండు గంటలు. తను వేసిన సమయం తన చేయి దాటిపోయి ఊరంతా తిరుగుతోంది. ఇక్కడ వరుస దిద్దితే అక్కడ దిద్దుకోదు.

ఆమె పేజీ పైభాగాన రాయడం మొదలుపెట్టింది. సూపరింటెండెంటు వెనక నిలబడి చదివాడు.

"ఏడో వరుసలో ఒంటిగంటకు, రెండింటికి వేసిన సమయాలు అడిగి వేసినవి కావు. అక్కడ చోటు లేదు. ఆ ఫోటో మీరు ఎవరికైనా పంపి ఉంటే ఇది కూడా పంపండి."

"నీకేమైనా పిచ్చా అమ్మా?" అన్నాడు ఆయన. "దిద్దేశావు కదా. సాంకేతిక లోపం అని రాయి, చాలు. అడిగి వేసినవి కావు అంటే మిగతా పదమూడూ ఎవరు నమ్ముతారు?"

"సాంకేతిక లోపం అంటే ఎవరూ ముందుకు పంపరు సార్. ఇదైతే పంపుతారు."

"నీ ఉద్యోగం సంగతి?"

ఆమె తను రాసింది ఇంకోసారి చదువుకుంది. రేడియో ఇంకో కుర్చీలో కూర్చుని కాళ్ళు తుడుచుకుంటున్నాడు. "మిగతా పదమూడుకీ జవాబు నా గొంతు చెబుతుందండి," అన్నాడు సూపరింటెండెంటుతో. "నమ్మకపోతే ఫోన్లు చేస్తారు. చేయనీండి." ఆ రాతను పేజీ మీద పెట్టే మీటను ఆమె నొక్కింది.

చేశారు. గంటసేపు ఊపిరి తీసుకోనివ్వలేదు. నాలుగు నిజమేనా? పదకొండు నిజమేనా, లేక అదీ మీ ఇష్టమొచ్చినట్టు వేశారా? ఒకామె అన్న మాటలు ఆమె జన్మలో మర్చిపోలేదు. దారి మధ్యలో ఉన్న ఒక కుటుంబం ఆరో నంబరును నమ్మక వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. ఆరులో నిజంగానే చోటుంది. ఆమె తన నోటితో చెప్పినా వాళ్ళు వినలేదు. దాన్నీ తన లెక్కలోనే వేసుకుంది. మధ్యమధ్యలో కొడుకు నంబరుకు చేస్తూనే ఉంది.

నాలుగింటికి తొమ్మిది అయ్యాక ఏడుకు కూడా తనే చేసింది. చోటు లేదు, నీళ్ళు ఇంకో అంగుళం పెరిగాయి, ర్యాంపు లేదు. చెప్పడం అయిపోయాక కూడా అక్క ఫోన్ పెట్టలేదు.

"పైన ఆ రాసింది నువ్వేనా?"

"నేనే."

"నాన్న చదివించుకున్నాడు. రెండుసార్లు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు." అక్కే మళ్ళీ అంది, "అయిదింటికి మళ్ళీ చెయ్యి. నువ్వే చెయ్యి, పన్నెండింటికి చేసినాయనకు ఇవ్వకు."

నాలుగూ ఇరవైకి బయటి లైనులో వానహోరు వినిపించింది. గొంతు వినగానే ఆమె లేచి నిలబడింది.

"మేడమ్, ఇందాక మీకే చేశాననుకుంటా. కాలవ దగ్గర చిక్కుకున్నాం. మూసేసిన కొట్టు మెట్ల మీద ఉన్నాం. అమ్మకు బాగా చలిగా ఉంది. ఒక పడవ ఆగింది. ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పు, లేకపోతే వేరేవాళ్ళున్నారు, పోతాం అంటున్నారు. తొమ్మిదిలో నలభై మందికి చోటు, నాలుగు గంటలు అని మీ పేజీలో ఉంది." అతని గొంతు కోపంగా లేదు. అదే ఆమెకు భరించరానిదయింది. "ఇది అడిగి వేసిందేనా మేడమ్?"

అడిగే వేసింది. ఇరవై నిమిషాల క్రితం, తొమ్మిదిలో ఉన్న దగ్గుమనిషిని, ఈ చెవితోనే విని.

"నాలుగింటికి అడిగానండి. ఇప్పుడెలా ఉందో తెలీదు," అంది. "లైనులోనే ఉండండి. పడవను రెండు నిమిషాలు ఆపమనండి."

ఇంకో ఫోన్ ఎత్తి తొమ్మిదికి చేసింది. ఎంగేజ్. రేడియో మాట్లాడకుండా తన ఫోన్ నుంచి కూడా అదే నంబరు నొక్కుతున్నాడు. ఆమె మళ్ళీ చేసింది. ఎంగేజ్.

"ఉందా మేడమ్?"

"ఇంకా తెలీదండీ. చేస్తున్నాను. నీళ్ళు ఎన్నో మెట్టు దాకా వచ్చాయి?"

"మూడో మెట్టు. ఇందాక రెండు."

ఆమె ఎడమచెవిలో ఆ పెద్దావిడ దగ్గు వినిపిస్తోంది, కుడిచెవిలో ఎంగేజ్ మోత. రెంటినీ వింటూ, ఏదీ కింద పెట్టకుండా, మళ్ళీ నొక్కింది.